తలుపు తట్టి, నాలుగడుగులు వెనక్కి

పోయిన నెల క్యారీ అనే ఊరి నుంచి మా ఇంటికి ఒక పొడుగాటి అట్టపెట్టె వచ్చింది. విప్పి చూస్తే పాత దుప్పటి ముక్కలో చుట్టిన కర్ర. పెరట్లో రాలిన ఆకులు లాగే రేక్‌కి ఉండే పిడి అది. కింది నుంచి పై దాకా అంగుళానికో గీత చొప్పున చాకుతో కోసి ఉంది. మేం సార్ అని పిలుచుకునే ఆయన కొడుకు అంతకు వారం ముందే ఫోన్ చేశాడు. "అంకుల్, డాడీ పోయారు. నిద్రలోనే. ఒక స్టిక్ మీకే ఇవ్వాలి అని చాలాసార్లు చెప్పారు. నేను షిప్ చేస్తా," అన్నాడు. అప్పుడు ఫోన్‌లో పెద్దమనిషి తరహాలో నాలుగు మాటలు చెప్పి ఓదార్చాను గానీ, కర్ర చేతికొచ్చేసరికి నా వల్ల కాలేదు. సోఫాలో కూలబడి ఏడ్చాను. మా ఆవిడ మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోయింది. ఆ కర్ర సంగతి ఆవిడకీ తెలుసు.

ఆయన పేరు రాయను. రాస్తే ఊరుకునే మనిషి కాదు. కొండల్లో ఏ దారిన ఎలా వెళ్ళాలో ఆయన గళ్ళ కాగితం మీద తెలుగులో రాసి, జిరాక్సు తీసి మా వాళ్ళందరికీ పంచేవాడు. న్యూజెర్సీలో ఒకప్పుడు ఆ కాగితం లేని తెలుగిల్లు మా ఎరికలో లేదు. ఒక్కదాని మీదా పేరు ఉండేది కాదు. ఎందుకు సార్ అని అడిగితే, "దారి నేనేసినానా అప్పా? నడిచినానంతే," అనేవాడు. అందులో భాష కూడా అచ్చం ఆయన మాట్లాడినట్టే ఉండేది. "రెండో వాగు దాటినాక ఎడమ పక్క దారి వెడల్పుగా కనపడతాది. పోవద్దు. నేను పోయి తిరిగొచ్చినాను." ఇలాంటి వాక్యాలు కాగితానికి అయిదారుండేవి. మేం తప్పిపోకుండా ఆయన ముందుగా తప్పిపోయిన చోట్లన్న మాట.

ఆయనది అనంతపురం వైపు. అక్కడ కొన్నాళ్ళు ఇరిగేషన్‌లో పనిచేసి, ఇక్కడికొచ్చాక రోడ్ల మీద వాన నీళ్ళు నిలవకుండా చూసే ఇంజనీరయ్యాడు. నాది తెనాలి దగ్గర. మందుల కంపెనీ ల్యాబ్‌లో కెమిస్టుని. మాది కాలవల సీమ కాబట్టి నీళ్ళంటే మాకు లెక్కలేదు. ఆయనది చుక్క చుక్కా లెక్కపెట్టుకునే సీమ. డెబ్భైల చివర్లో, వేసవి శనివారాల్లో, మూడు నాలుగు కుటుంబాల వాళ్ళం తెల్లారకముందే బయల్దేరి, ఆరుగంటలు డ్రైవ్ చేసి న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరపు కొండల్లోకి పోయేవాళ్ళం. మేం పోయేది గాలి మార్పుకి, ఫొటోలకి. ఆయన పోయేది నీళ్ళు చూడ్డానికి.

ఆ లోయ మొదటిసారి చూపించినప్పుడు కారు దిగనిచ్చి, అందర్నీ ఒక వరసలో నిలబెట్టి, "చూడండి, ఏరు కోసిన లోయ అయితే అడుగున సన్నగా ఉంటాది. ఇది దోనె మాదిరి ఉంది. మంచు తోసిన లోయ ఇది," అన్నాడు. ఒకప్పుడు కొండంత మందాన మంచు ఇటుగా జరిగి వెళ్ళిందట. నేల మీది బండ చూపించి, దాని మీద సన్నటి గీతలు మా అరచేతులతో తడిమించాడు. అడుగంటిన గిన్నెని పీచు పెట్టి గీకితే పడతాయే, అలాంటి గీతలు. శిఖరం ఎక్కుదామని మాలో కుర్రవాళ్ళు తొందరపడితే ఆయనకి నచ్చేది కాదు. "శిఖరం మీద ఏముంది, గాలి. నీళ్ళు యాడ పుడతాయో చూడల్ల," అంటూ లోయ పై కొసకు తీసుకుపోయేవాడు.

అక్కడ, మూడు పక్కలా నిట్టనిలువు రాతి గోడల మధ్య, చిన్న చెరువు. నాలుగో పక్క మంచే తోసుకొచ్చి పోగుపెట్టిన రాళ్ళగట్టు. గట్టులో ఒకచోట పల్లంగా ఉంటే మిగులు నీళ్ళు అక్కడి నుంచి కిందికి దూకేవి. ఆ చోటుని ఆయన వాళ్ళూరి మాటలో అలుగు అనేవాడు. "మంచు కట్టిన చెరువప్పా ఇది. ఏ ఇంజనీరూ ఎస్టిమేటు వెయ్యలా," అంటూ రేక్ పిడిని గట్టు పక్కన నీళ్ళల్లో నిలబెట్టి, ఎన్నో గీత దాకా తడిసిందో చూసి, కాగితం మీద రాసుకునేవాడు. వాళ్ళూళ్ళో చెరువు అలుగు పారితే ఊరు ఊరంతా వెళ్ళి చూస్తుందట. ఆయన చిన్నప్పుడు అలా మూడేమూడుసార్లు చూశాడట. ఇక్కడ ఏటా చూడొచ్చని చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగిపోయేది. తర్వాత మూట విప్పి చిత్రాన్నం, చెనిక్కాయల పొడి అందరికీ పెట్టేవాడు. ఒక్క మెతుకు నేల మీద పడినా ఏరించేవాడు.

అయితే ఆ లోయలోకి దారి ఒక్కటే. రోడ్డు పక్కన ఒక ముసలి అమెరికన్ రైతు ఇల్లు, ఇంటి వెనక గడ్డి చేను, చేను చివర గేటు. గేటు దాటితే అడవి. పైన కొండలు ప్రభుత్వానివే గానీ, అక్కడికి పోవాలంటే ఆ రైతు నేల మీద అరమైలు నడవాల్సిందే. రైతు గేటుకి తాళం వేసేవాడు కాదు కాబట్టి అందరూ గేటు తీసుకుని లోపలికి పోయేవారు. మా సార్ మాత్రం ప్రతిసారీ ఇంటికి వెళ్ళి అడిగేవాడు. తలుపు మీద రెండుసార్లు తట్టి, వెంటనే మెట్లు దిగి, నాలుగడుగులు వెనక్కి వచ్చి, టోపీ తీసి, చేతులు రెండూ కనపడేలా పెట్టుకుని నిలబడేవాడు. రైతు వచ్చి, చూసి, తల ఊపి లోపలికి పోయేవాడు. అంతే. దానికి మేం అందరం కార్లలో పావుగంట కూచోవాలి.

పోయిన వారమేగా అడిగారు, మళ్ళీ ఎందుకని నేనే ఒకసారి విసుక్కున్నాను. "పోయిన వారం నడకకు పోయిన వారం అడిగినాం. ఈ పొద్దుది ఈ పొద్దు అడగల్ల," అన్నాడు. మరి వెనక్కి నడవడమెందుకంటే, "తలుపు తీసినోళ్ళకు మన మొగం, మన చేతులు కనపడల్ల. మీద మీదికి పోతే వాళ్ళు కాదనలేరు. కాదనేదానికి వాళ్ళకు జాగా ఉండల్ల," అన్నాడు.

గేటు పక్కనే ఇద్దరు మనుషుల ఎత్తున ఒక రాతిగుండు ఉండేది. చుట్టుపక్కల రాయిది ఒక రంగు, దీనిది ఒక రంగు. ఎక్కడో ఉత్తరాన ఉన్నదాన్ని మంచు మోసుకొచ్చి, కరిగినప్పుడు ఇక్కడ దింపిందని ఆయనే చెప్పాడు. మాలో ఒకాయన వెంటనే, "అయితే మనలాగే అన్నమాట," అన్నాడు. సార్ ఒప్పుకోలేదు. "రాయి ఎవరినీ అడగలేదప్పా. మనం వీసా వరసలో నిలబడి అడిగొచ్చినాం," అన్నాడు.

ఆ గుండు దగ్గరే నేను బుద్ధి గడ్డితిన్న పని చేశాను. ఒక వేసవిలో కొత్త స్టేషన్ వ్యాగన్ కారు కొన్నాను. మా ఇంటికి దగ్గర్లో గుడి లేదు. పూజ చేయించకుండా అంత దూరం పోవడం మా ఆవిడకి ఇష్టం లేదు. దారిలోనే ఎక్కడో చేసేద్దామని పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, కొబ్బరికాయ వెంట తెచ్చింది. గేటు దగ్గర దిగాక ఆ గుండు చూస్తే, ఒక పక్క అచ్చం తొండం ఉన్నట్టే కనిపించింది మా ఇద్దరికీ. సార్ ఎప్పటిలా అడగడానికి రైతు ఇంటికి వెళ్ళాడు. ఆయన వచ్చేలోపు కానిచ్చేద్దామని నువ్వుల నూనెలో పసుపు కలిపి రాతికి పులిమి, దాని మీద కుంకుమ కూడా నూనెతోనే తడిపి మూడు బొట్లు పెద్దవి పెట్టాను. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాను. కొబ్బరికాయ ఆ రాతికే కొట్టాను. సార్ తిరిగొచ్చి చూసి, గుండుకు చేతులు జోడించి దండం పెట్టుకుని, ఆ తర్వాత, "ఇది పోయేటప్పుడు కడగల్ల. ఇది వాళ్ళ రాయి," అన్నాడు. సరేనన్నాను. సాయంత్రం దిగొచ్చేసరికి కాళ్ళు పీక్కుపోతున్నాయి. కాగితంతో పైపైన తుడిచి, వానొస్తే అదే పోతుందిలే అనుకున్నాను. ఆయనతో మాత్రం కడిగేశానని చెప్పాను.

రెండు వారాల తర్వాత మళ్ళీ పోతే గేటుకి గొలుసు, తాళం. లోపలికి రావద్దని అట్ట ముక్క మీద రాసి వేలాడదీశారు. గుండు మీద నా మూడు బొట్లు ఎర్రగా అలాగే ఉన్నాయి. మా సంగతి మాకు తెలుసు గానీ, ఆ ప్రాంతంలో భూమి హద్దుల్ని చెట్ల మీదా రాళ్ళ మీదా ఎర్ర రంగు పూసి గుర్తుపెడతారని నాకేం తెలుసు. పక్కనున్న కలప కంపెనీకీ ఆ రైతుకీ హద్దు తగాదా ఎన్నాళ్ళనుంచో నడుస్తోందట. ఎర్ర గుర్తులు చూసి, కంపెనీ వాళ్ళు తన చేను సగం దాకా జరిగారనుకుని, ముసలాయన సర్వేయర్ని పిలిచి, లాయరు దాకా వెళ్ళి, కంపెనీ వాళ్ళ మీదికి పోయి అరిచి, చివరికి అది వాళ్ళ పని కాదని తేలి తలదించుకుని వచ్చాడు. ఊళ్ళో పరువు పోయిందని ఆయన మంట.

సారూ నేనూ వెళ్ళి తలుపు తట్టాం. నాలుగడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డాం. ముసలాయన ఈసారి తల ఊపలేదు. మెట్లు దిగొచ్చి, ఆ రాయి మీద రంగు పూసింది మీవాళ్ళలో ఎవరని అడిగాడు. గొంతు పెంచలేదు. నాకు అప్పటికి గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూ నెలరోజుల్లో ఉంది. పోలీసు, కంప్లైంట్, ఫైలు, తిరుగు టపాలో తెనాలి, ఇవన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. సార్ నా వైపు ఒక్కసారి చూశాడు. ఎంతసేపు చూశాడో ఇప్పటికీ చెప్పలేను. నేను నా బూట్లు చూసుకుంటున్నాను.

"నేనే," అన్నాడు ఆయన ఇంగ్లీషులో.

ముసలాయన తీర్పు చెప్పాడు. మిగతావాళ్ళు ఎప్పటిలా పోవచ్చు. రాయి పాడుచేసిన మనిషి మాత్రం ఆ గేటు దాటకూడదు. సార్ థాంక్స్ చెప్పాడు. కారులోంచి బకెట్, సబ్బు, బ్రష్ తీసి, మోకాళ్ళ మీద కూచుని నా బొట్లు ఆయన తోమాడు. పక్కన కూచుని నేనూ తోమాను. ఆయన నన్ను తిట్టినా బాగుండేది.

ఆ రోజునుంచి మూడు వేసవులు ఆయన గేటు బయటే ఆగిపోయాడు. ఇంట్లో ఉండిపోవచ్చు కదా, లేదు. మాతో పాటే ఆరుగంటలు వచ్చేవాడు. తలుపు తట్టి, మా కోసం అడిగి, మమ్మల్ని గేటులోపలికి పంపి, తను గుండుకి చేరగిలబడి కూచునేవాడు. కర్ర నా చేతికిచ్చేవాడు. సాయంత్రం దిగొచ్చేసరికి కాగితం, పెన్సిలు పట్టుకుని సిద్ధంగా ఉండేవాడు. రెండో వాగులో నీళ్ళెంత, కొట్టుకుపోయిన దుంగ వంతెన మళ్ళీ వేశారా, చెరువులో కర్ర ఎన్నో గీత దాకా తడిసింది, అలుగు పారుతుందా, అన్నీ అడిగి రాసుకునేవాడు. అడుగు పెట్టకుండానే ఆ మూడేళ్ళూ కాగితాలు కొత్తగా రాసి పంచాడు. మిగతా కుటుంబాల వాళ్ళు ఆయనకి మోకాళ్ళ నొప్పులనుకున్నారు. ఉట్టినే కూచోలేక, రైతుని అడిగి, గేటు బయట నీళ్ళు నిలిచే చోట రాళ్ళు పేర్చి చిన్న కాలవ తీశాడు. మధ్యాహ్నం ముసలాయన కాఫీ తెచ్చేవాడట. ఇద్దరూ గుండు నీడన కూచుని తాగేవారట.

నాకు గ్రీన్ కార్డ్ వచ్చింది. భయానికి కారణం పోయింది గానీ సిగ్గు దాని చోట కూచుంది. మొదటి వారం చెప్పాల్సింది మొదటి ఏడాది చెప్పలేకపోయాను, ఇప్పుడు చెబితే ఏమంటారోనని రెండో ఏడాదీ చెప్పలేదు. బయల్దేరే ముందు రోజు ప్రతిసారీ మా ఆవిడ, "ఈసారైనా వెళ్ళి చెప్పి రండి. పసుపు కలిపింది నేనే అని కూడా చెప్పండి," అనేది. నేను పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి.

చివరికి మా అమ్మాయి నన్ను రైతు తలుపు దాకా నెట్టింది. దానికి అప్పుడు అయిదేళ్ళు. కొండ నుంచి దిగొచ్చి కారెక్కాక, అద్దంలోంచి సార్‌ని చూస్తూ, తన అమెరికా యాసలో, "అంకుల్ బ్యాడ్ పని చేశాడు కదా డాడీ. రాక్ మీద పెయింట్ చేశాడు. అందుకే టైమౌట్," అంది. అల్లరి చేసిన పిల్లల్ని బడిలో ఓ మూల విడిగా కూచోబెట్టే శిక్ష అది. ఎవరు చెప్పారే అంటే, ఆయన రాయి తోమడం చూసిన పెద్ద పిల్లలు చెప్పారు, పిల్లలందరికీ తెలుసంది. నేను స్టార్ట్ చేసిన కారు ఆపేశాను.

రైతు ఇంటికి వెళ్ళి, రెండుసార్లు తట్టి, మెట్లు దిగి, నాలుగడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డాను. చేతులు కనపడేలా పెట్టుకున్నాను. ముసలాయన రాగానే, ఆ రాయి మీద రంగు పూసింది నేనని, కడగమంటే కడగకుండా కడిగానని అబద్ధమాడింది కూడా నేనేనని ఒక్క గుక్కలో చెప్పేశాను.

ఆయన ఆశ్చర్యపోలేదు. తనకి ఎప్పుడో తెలుసన్నాడు. ఆ రోజు మా సార్ ఈ మెట్ల కిందే నిలబడి ఉండగా గేటు వైపు ఏదో ఫట్‌మని పగిలిన చప్పుడు ఇద్దరూ విన్నారట. అదేమిటో అప్పట్లో పట్టించుకోలేదట. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మంచు కరిగాక గుండు కింద కొబ్బరి చిప్ప దొరికిందట. ఆ చప్పుడు దీనిదేనని, అప్పుడు సార్ తన ఎదుటే ఉన్నాడని లెక్క కుదిరిందట. ఆ వేసవిలో మొదటిసారి మేం వెళ్ళినప్పుడే సార్‌ని పిలిచి, నువ్వు కాదని తెలిసింది, వెళ్ళు అని చెప్పాడట.

"వెళ్ళనన్నాడు. ఇంకో మనిషి మీ దగ్గరికి రావాలి, వచ్చాక వెళ్తానన్నాడు," అన్నాడు ముసలాయన. "ఇద్దరం కూచుని నీ కోసమే చూస్తున్నాం."

అబ్బ, ఆ మాటకి నేను నేలలో కుంగిపోయాను. సిగ్గు ఒక పక్క, ఒళ్ళుమంట ఒక పక్క. రెండేళ్ళుగా వీళ్ళిద్దరూ నా ముందే కాఫీలు తాగుతూ నాకు పరీక్ష పెట్టారా? విసవిసా గుండు దగ్గరికి వచ్చి, "నాకు చెప్పొచ్చు కదా సార్. ఒక్క మాట," అన్నాను.

"చెప్పినాక నువ్వు పోతే అది నా పని అవుతాది గదప్పా," అన్నాడు ఆయన. "నీ పని నేనెట్లా చేసేది?" అని, లేచి ప్యాంటు దులుపుకుని, కారులోంచి కర్ర తీసుకున్నాడు. "ఇంకా ఎండుంది. పోదాం పా."

ఆయన గేటు తీసిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. గొళ్ళెం ఎత్తి, ఒక్క క్షణం ఆగి, ఇంటి వైపు తిరిగి తల ఊపి, అప్పుడు లోపల అడుగు పెట్టాడు. గడ్డి చేను దాటాడు. మొదటి వాగు దాటాడు. రెండో వాగు దగ్గర రాయి మీద కూలబడ్డాడు. అందరూ అనుకున్న మోకాళ్ళ నొప్పి ఈ మూడేళ్ళలో నిజంగానే వచ్చి కూచుంది. ఆయనకి అప్పుడు యాభై దాటాయి. పైన రాళ్ళ నిట్టెక్కు ఉంది. అది చూసి, మోకాలి మీద చెయ్యి వేసుకుని నిమురుకుని, "నాకింతే. పై వారం నువ్వు పోయి నీళ్ళు యాడికున్నాయో చూసి చెప్పు," అని కర్ర మళ్ళీ నాకే ఇచ్చాడు. నేను నోరు విప్పడానికి పట్టిన మూడేళ్ళూ ఆయన కాళ్ళల్లోంచి పోయాయి. ఆ మాట ఆయన బతికున్నంతకాలం ఒక్కసారీ ఎత్తలేదు. ఆ చెరువుని మళ్ళీ చూడలేదు కూడా.

తర్వాత ఏటా నేను పైకి వెళ్ళడం, దిగొచ్చి ఊళ్ళో కొట్టు ముందున్న పే ఫోన్‌లోంచి ఆయనకి చెప్పడం అలవాటైంది. మొదటి గంటకే ఎత్తేవాడు. హలో ఉండేది కాదు, "అలుగు పారుతుందా?" అనేవాడు. పారుతోందంటే ఎన్నో గీత అని అడిగేవాడు. రిటైరయ్యి కొడుకు దగ్గరికి క్యారీ వెళ్ళేటప్పుడు కర్ర తనకి కావాలన్నాడు. అదొక్కటే నా దగ్గర్నుంచి ఆయన అడిగి తీసుకున్నది. ఆ తర్వాత నేనూ ఏటేటా వెళ్ళడం తగ్గింది.

కర్ర వచ్చిన మూడో రోజున మా అమ్మాయి నన్ను ఉత్తరానికి డ్రైవ్ చేసి తీసుకువెళ్ళింది. రైతు ఎప్పుడో పోయాడు. ఆ దారి ఇప్పుడు అందరిదీ, శాశ్వతంగా కాగితం రాసి ఇచ్చేశారు. గేటు కూడా లేదు. గుండు ఉంది. ఇంట్లో ఎవరో కొత్తవాళ్ళున్నారు. రెండుసార్లు తట్టి, నాలుగడుగులు వెనక్కి వచ్చి, టోపీ తీసి నిలబడ్డాను. తలుపు తీసిన అమ్మాయి, ఇది పబ్లిక్ దారే, అడగక్కర్లేదంది. తెలుసమ్మా, అయినా అడుగుతున్నానన్నాను. నవ్వి, వెళ్ళి రమ్మంది.

డెబ్భై ఏళ్ళు దాటినవాణ్ణి, రెండో వాగు దగ్గర ఆ రాయి మీద చాలాసేపు కూచున్నాను. నిట్టెక్కు దగ్గర మా అమ్మాయి చెయ్యి పట్టుకుంది. పైకి చేరాక రాళ్ళగట్టు పక్కన వంగి, కర్ర నీళ్ళల్లో నిలబెట్టాను.

సార్, పద్నాలుగో గీత దాకా తడిసింది. అలుగు పారుతోంది.